ఆడిన వారం, ఆడని వారం

ఫుట్‌బాల్ క్లబ్బులో మేనేజరుగా పనిచేసి రిటైరయ్యానని చెబితే ఎదుటివాళ్ళు ముందు నా పొట్ట వైపు చూస్తారు. తర్వాత మర్యాద కోసం, "ఏ పొజిషన్లో ఆడేవారండీ?" అని అడుగుతారు. నేను ఏ పొజిషన్లోనూ ఆడలేదు. జీతాలు వేయడం, రైలు టిక్కెట్లు తీయడం, బయటి ఊళ్ళో మ్యాచ్ ఉంటే బస చూడడం, బురద పట్టిన జెర్సీలు మళ్ళీ మ్యాచ్ నాటికి ఉతికించి ఆరబెట్టించడం, ఇదీ నా ఉద్యోగం. వానాకాలంలో అన్నిటికన్నా కష్టం ఆరబెట్టించడమే.

మా ఛైర్మన్ గారు ఈ మధ్యే పోయారు. పెద్దకర్మ భోజనాల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నా పక్కన కూర్చున్నారు. అమలాపురం వైపు కొత్తగా ఒక క్లబ్బు పెడుతున్నారట. "ఆటగాళ్ళని లోన్ మీద పంపేటప్పుడు ఒప్పందం ఎలా రాసేవారండీ? జీతం ఎవరెంత అని పంచేవారు? ఒకటి చెప్పండి సార్, మాకు పనికొస్తుంది" అన్నారు. అప్పుడు చెప్పాలనిపించలేదు. ఎదురుగా ఆయన ఫోటోకి దండ వేసి ఉంది. ఆ ఒప్పందాలన్నీ ఆయన నోటితో చెప్పగా నేను రాసినవే. ఇప్పుడు కాస్త తేరుకున్నాను కనక ఒక్క ఆటగాడి సంగతి రాస్తాను. అది చాలు.

ఛైర్మన్ గారిది బియ్యం మిల్లు. ఆట గురించి ఆయనకి పెద్దగా తెలియదు. ఒకసారి గోనె సంచుల బేరానికి కలకత్తా వెళ్ళి, బేరం కుదరక, సాయంత్రం ఖాళీగా ఉండి ఎవరో తీసుకెళ్తే ఒక మ్యాచ్ చూశారు. తిరిగొచ్చి రాజమండ్రిలో క్లబ్బు పెట్టారు. ఎందుకు పెట్టారని అడిగితే, "అంతమంది ఒకేసారి లేచి నిలబడ్డం నేను పెళ్ళిళ్ళలో కూడా చూళ్ళేదయ్యా" అనేవారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. నాకూ ఉద్యోగంలో చేరిన చాలాకాలానికి గాని అర్థం కాలేదు.

నేను చెప్పబోయే ఆటగాడు డిఫెండర్. ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డు మనిషి. మా జట్టుకి కొన్ని సీజన్లు కెప్టెన్‌గా చేశాడు. బయట అతని నోటివెంట మాట రావడం కష్టం. జీతం పడిందా అని కూడా అడిగేవాడు కాదు. మైదానంలోకి దిగితే మాత్రం ఆట అయ్యేదాకా అరుస్తూనే ఉండేవాడు. "ఎడం పక్క చూడు! వెనకాల మనిషున్నాడు! తొందరేం లేదు, నిదానం!" కళ్ళు మూసుకుని కూర్చున్నా అతని గొంతుని బట్టి బంతి ఎక్కడుందో తెలిసిపోయేది.

ముప్ఫై దాటాక కాళ్ళు నెమ్మదించాయి. కొత్తగా వచ్చిన కోచ్ గారు మొదటి వారంలోనే చెప్పేశారు. "మంచివాడేనండి. కాని నాకు పరిగెత్తేవాళ్ళు కావాలి." ఒప్పందం ఇంకా ఏడాది ఉంది.

ఇలా అక్కర్లేకుండా పోయిన ఆటగాడితో ఏం చేయాలన్నది ఏ క్లబ్బుకైనా వచ్చే చిక్కే. ఒప్పందం ఉంది కనక తీసేయలేం. ఆడించం కనక జీతం ఇచ్చినప్పుడల్లా కడుపు మండుతుంది. అందుకని చిన్న క్లబ్బుకి ఒక సీజను అరువిస్తారు. జీతమంతా భరించే శక్తి ఆ చిన్న క్లబ్బుకి ఉండదు కాబట్టి వాళ్ళు కొంత, మనం కొంత. టీవీలో మీరు చూసే పెద్ద పెద్ద క్లబ్బులూ చేసేది ఇదే. వాళ్ళకి సున్నాలు ఎక్కువ, అంతే.

తణుకు అవతల ఒక చిన్న టౌను క్లబ్బు అతన్ని అడిగింది. ఊళ్ళో షాపులవాళ్ళ చందాలతో నడిచే క్లబ్బు అది. దాని సెక్రటరీ హైస్కూల్లో లెక్కల మేష్టారు. ఆయన మాట్లాడడానికి మిల్లు ఆఫీసుకి వచ్చారు. తవుడు ధూళికి ఆయనకి దగ్గు ఆగలేదు. నేను శాతాల్లో ఏదో రాసుకుని సిద్ధంగా ఉన్నాను. ఛైర్మన్ గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు.

"ఈ పర్సెంటేజీలు నాకొద్దు గాని మేష్టారూ, మీ ఊళ్ళో కోత మిషన్ అద్దెకెలా తీసుకుంటారు?"

"తిరిగిన రోజు ఆపరేటర్ బత్తా మాదండి. వానొచ్చి చేలో నీళ్ళు నిలబడి ఆగిపోతే, ఆ రోజు బత్తా మిషన్ గలాయనదండి."

"మరింకేం. ఇదీ అంతే. మావాడు ఆడిన వారం జీతం మీది. ఆడని వారం జీతం మాది. మీకు దండగ లేదు, మాకు గొడవ లేదు."

మేష్టారు దగ్గుతూనే దణ్ణం పెట్టారు. "ఆయ్, ఇంతకన్నా ధర్మంగా ఎవరిస్తారండీ!"

నిజంగానే మా అందరికీ అది ధర్మంగా కనిపించింది. వరి పండే చోట పుట్టి పెరిగినవాళ్ళం. పని చేయించుకున్నవాడు డబ్బివ్వడం, పని లేని రోజు సొంతదారు భరించడం, ఇందులో తప్పేముంది? డిఫెండర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను వేలుపెట్టి చూపించిన చోట సంతకం చేశాడు.

సీజను మొదలైంది. మొదటి వారం అతను ఆడలేదు. కొత్త చోటు, కుదురుకోవాలిగా అనుకున్నాం. రెండో వారమూ ఆడలేదు. ఆ తర్వాతా అంతే. ప్రతి వారం జీతం మా దగ్గర్నుంచే వెళ్తోంది.

"ఏమయ్యా మేనేజరూ, మన మిషన్ ఇంకా గట్టు మీదే ఉందా?"

"ఉందండి."

"అటు వానలేమన్నా పడుతున్నాయా?"

"లేదండి. ఎండలు కాస్తున్నాయి."

డిఫెండర్‌కి ఫోన్ చేశాను. బాగానే ఉన్నానన్నాడు. ప్రాక్టీసు చేస్తున్నానన్నాడు. ఫోన్ పెట్టేద్దామనుకునేసరికి, "మేనేజర్ గారూ, ఒక సీజనంతా ఆడనివాణ్ణి తర్వాత ఎవరన్నా తీసుకుంటారాండీ?" అని అడిగాడు. తీసుకోరు. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అతనికి వేరే పని రాదు. చిన్నప్పుడే వల వదిలేసి బంతి పట్టుకున్నవాడు. "ఇంకా చాలా మ్యాచ్‌లున్నాయి కదయ్యా" అన్నాను. "ఉన్నాయండి" అన్నాడు.

ఛైర్మన్ గారికి తణుకులో ధాన్యం చూసే పని పడితే, నన్నూ కారెక్కించుకున్నారు. ఆ పని చూసుకుని మేష్టారి టౌనుకి వెళ్ళేసరికి మ్యాచ్ మొదలైంది. హైస్కూలు గ్రౌండు. ఒక గోల్ వెనక కాలవ గట్టు, బంతి అటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు నీళ్ళలోకి దిగాలి. మావాడు బెంచీ మీద లేడు. గీత బయట వార్మప్ చేస్తున్నాడు. అటు చివరికి పరుగు, ఇటు చివరికి పరుగు, వంగడం, లేవడం. సాధారణంగా కోచ్ సైగ చేశాక, లోపలికి దింపే ముందు చేసే పని అది. అతన్ని ఎవరూ పిలవలేదు. మొదటి నిమిషం నుంచీ అలాగే చేస్తున్నాడని పక్కనున్నాయన చెప్పాడు. "రోజూ అంతేనండి. మ్యాచంతా పరిగెడతాడు, బయటే. మావాళ్ళు నవ్వుతారండి."

ఛైర్మన్ గారు నవ్వలేదు. చాలాసేపు చూశారు.

"ఇంజిన్ ఆపకుండా ఉంచాడేంటయ్యా?" అన్నారు.

హాఫ్‌టైంలో మేష్టార్ని పక్కకి పిలిచారు. "మావాడు పనికిరాడా మేష్టారూ?"

"అయ్యో, అదేం మాటండీ! మా కుర్రాళ్ళందరికన్నా బాగా ఆడతాడండి."

"మరి?"

మేష్టారు నేల చూపులు చూశారు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాలేదు. "మీతో దాచడం దేనికండీ. ఆయన ఆడితే వారం జీతం మాది. కూర్చుంటే మీది. ప్రతి మ్యాచ్ ముందూ మా కమిటీ ఒకటే మాటండి, ఈ వారం ఊళ్ళో కుర్రాణ్ణి దింపేద్దాం, పెద్దాయన్ని గట్టి మ్యాచ్‌కి ఉంచుదాం అని. గట్టి మ్యాచొస్తే, ఎలాగూ ఓడిపోయేదే కదా, జీతం కూడా దేనికి అంటారండి. లెక్కల మేష్టార్ని. నాకూ లెక్క అలాగే తేలుతోంది."

ఛైర్మన్ గారికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన తన తలమీద తానే చిన్నగా కొట్టుకున్నారు. "కోత మిషన్ తీసుకున్నోడికి చేను ఉంటుందయ్యా. కోయకపోతే రాలిపోతుంది. వీళ్ళకేం రాలిపోద్ది?" అన్నారు నాతో. తర్వాత మేష్టారి వైపు తిరిగారు. "ఇవాళ్టి నుంచీ తిరగేద్దాం మేష్టారూ. ఆడిన వారం మాది. కూర్చోబెట్టిన వారం మీది."

"అలాగైతే ఇంక కూర్చోబెట్టలేమండీ!"

"నాకు కావలసిందీ అదేగా."

రెండో సగంలో మావాడు దిగాడు. ముందు గొంతు వినపడింది. "ఎడం పక్క చూడు!" ఆ గొంతు తెలియని కుర్రాళ్ళు ఉలిక్కిపడి ఎడం పక్కకి చూశారు. మొదట్లో రెండుసార్లు తప్పు చేశాడు, ఒకసారి పడిపోయాడు. తర్వాత సర్దుకున్నాడు. మ్యాచ్ వాళ్ళు గెలవలేదు, ఓడిపోనూ లేదు. తిరిగొస్తుంటే గోదావరి బ్రిడ్జి మీద ఛైర్మన్ గారు కిటికీ దించి, "చూశావా, కాగితంలో ఒక్క మాట మార్చాం" అన్నారు. ఆ సాయంత్రం ఆయన సంతోషంగా ఉన్నారు. నేనూ సంతోషంగానే ఉన్నాను.

అమలాపురం కుర్రాళ్ళు ఇక్కడితో కథ అయిపోయిందనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని వేరే పనుల్లో పడ్డాను.

అతను ప్రతి మ్యాచూ ఆడాడు. లీగు మ్యాచ్‌లు ఆడాడు, మధ్యలో స్నేహపూర్వకంగా పెట్టుకునే మ్యాచ్‌లు కూడా ఆడాడు. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే వాళ్ళ స్థానంలోనూ ఆడాడు. ఒకరోజు అతని భార్య నాకు ఫోన్ చేసింది. అంతకుముందు ఎప్పుడూ చేయలేదు.

"బాబుగారూ, ఆయన కుడికాలి మేజోడు విప్పనివ్వట్లేదండి. పడుకున్నా విప్పట్లేదు. నిన్న నిద్రపోయాక చూశానండి. మడమ కుండలా ఉందండి."

మేష్టారికి ఫోన్ చేస్తే, ఆయనా బాధపడ్డారు. ఒక వారం ఆపుదామంటే ఆ వారం జీతం తమ మీద పడుతుందని కమిటీ ఒప్పుకోవడం లేదట. అతన్ని అడిగితే బాగానే ఉందంటున్నాడట. ఆ మాట నేను చెప్పగానే ఛైర్మన్ గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"అద్దెకి తెచ్చిన మిషన్‌కి గ్రీజెవడు పెడతాడయ్యా," అన్నారు. "ఇరిగేదాకా తిప్పుతారు."

మర్నాడే వాళ్ళ చివరి మ్యాచ్. మళ్ళీ కారెక్కాం. నిడదవోలు దాటాక ఆయన, "ఆడినా, ఆడకపోయినా చెరిసగం. అలా రాసెయ్. మొదట్లోనే నువ్వు రాసుకొచ్చింది అదే కదా?" అన్నారు. దాదాపు అదే. అవునండి అన్నాను.

అప్పటికే మ్యాచ్ మొదలైంది. ఆ రోజు జనం ఎక్కువ. బెంగళూరు నుంచి ఒక క్లబ్బు మనిషి ఆటగాళ్ళని చూసుకోవడానికి వచ్చాడని చెప్పుకుంటున్నారు. టోపీ పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. మావాడు అరుస్తున్నాడు, పరిగెడుతున్నాడు. మలుపు తిరిగేటప్పుడు మాత్రం కుడికాలు నేలకి ఆనించకుండా గెంతుతున్నాడు.

బంతి కాలవలో పడి ఆట ఆగింది. ఛైర్మన్ గారు మేష్టారి దగ్గరికెళ్ళి, "జీతం సంగతి వదిలేయండి, అంతా మేమే ఇస్తాం. ముందు అతన్ని బయటికి తీసుకురండి" అన్నారు. మేష్టారు కోచ్‌కి చెప్పారు. కోచ్ చెయ్యి ఊపాడు. డిఫెండర్ గీత దగ్గరికి వచ్చాడు. బయటికి రాలేదు. లోపలే నిలబడ్డాడు. ముఖమంతా చెమట.

"ఎవరు రమ్మన్నారండీ?"

"నేనేరా అబ్బాయ్," అన్నారు ఛైర్మన్ గారు. "కాలు పోద్ది. ఇంక చాలు, రా."

"మీరెవరండీ రమ్మనడానికి?"

అతను అంత గట్టిగా మాట్లాడడం బయట నేను ఎప్పుడూ వినలేదు. అతను ఇంకా మైదానంలోనే ఉన్నాడు కదా, అందుకేనేమో.

"ఈ ఏడు నేను ఈళ్ళ మనిషినండి. మీరు అద్దెకిచ్చేశారు. కూకోమన్నప్పుడు కూకున్నాను. ఆడమన్నప్పుడు ఆడాను. ఒకళ్ళు కూకోబెడితే లాభమంటారు, ఒకళ్ళు ఆడిత్తే లాభమంటారు. నాకేది లాభమో ఒక్కళ్ళన్నా అడిగారాండీ? కాలు నాదండి. పోతే నాది పోద్ది."

మేష్టారు దగ్గారు. నేను ఛైర్మన్ గారి ముఖంలోకి చూడలేకపోయాను. ఆయన మాత్రం రెండడుగులు వెనక్కి వేశారు. "సరే," అన్నారు. "సరేనయ్యా. ఆడు."

బంతి తడిసి వచ్చింది. అతను చివరిదాకా ఆడాడు. టోపీ మనిషి ఆట పూర్తి కాకముందే లేచి వెళ్ళిపోయాడు. రైలు టైమయిందో, చూడవలసింది చూశాడో తెలియదు. అక్కణ్ణుంచి కబురేమీ రాలేదు.

మడమ బాగవడానికి చాలాకాలం పట్టింది. వైద్యం మా క్లబ్బే చేయించింది. ఒప్పందం ప్రకారం అది మా బాధ్యతే. మా ఒప్పందం గడువు తీరాక, మేష్టారే మళ్ళీ వచ్చారు. వాళ్ళ క్లబ్బుకే తీసుకుంటారట. ఆడగలిగినంత ఆడుతూ, పిల్లలకి నేర్పాలి. ఆ గొంతు వాళ్ళకి కావాలట. జీతం తక్కువే. అందులో మా వాటా ఏమీ లేదు. అయినా మేష్టారు మా మిల్లు ఆఫీసులోనే మాట్లాడదామన్నారు. ఛైర్మన్ గారు డిఫెండర్ని తలుపు దగ్గర నిలబడనివ్వలేదు. కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. నేను కలం తీయబోతే ఆపారు.

"నువ్వు తర్వాత రాద్దువుగాని. ముందు ఇతన్ని చెప్పనీ. ఏం కావాలయ్యా నీకు?"

జీతం గురించి అడుగుతాడనుకున్నాం. అతను చాలాసేపు ఆలోచించాడు.

"ముందు రోజు చెప్పండి చాలండి," అన్నాడు. "ఆడతానో లేదో. ఆడకపోయినా పర్లేదండి. ముందు రోజు తెలిస్తే, ఆ రాత్రి నిద్ర పడద్ది."

ఆ మాట నేను ఒప్పందంలో రాశాను. నాకు తెలిసి ఫుట్‌బాల్ ఒప్పందాల్లో అలాంటి షరతు ఇంకెక్కడా ఉండదు. మేష్టారు దాన్ని తప్పకుండా పాటించారని విన్నాను.

కుర్రాళ్ళకి చెప్పవలసింది ఇంతే. చెరిసగమో, పావూ ముప్పావో, మీకు కుదిరినట్టు పంచుకోండి. రాసే ముందు తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి కూర్చోబెట్టండి.

ఛైర్మన్ గారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు చివరి వారంలో నేను రోజూ చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. డాక్టర్లు ఆయన కూతురితో వరండాలో మాట్లాడేవారు. ఆవిడ లోపలికొచ్చి, "అంతా బావుంది నాన్నా, రెండ్రోజుల్లో ఇంటికెళ్ళిపోదాం" అనేది. ఆయన సరే అనేవారు. ఒకరోజు ఆవిడ బయటికెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది.

"అందరూ బయటే మాట్లాడుకుంటున్నారయ్యా మేనేజరూ. మనవాడు ఆ రోజు కుర్చీలో కూర్చుని ఏమడిగాడు, గుర్తుందా?"

"ఉందండి."

"అదే చెప్పు మా అమ్మాయికి. నాకూ అంతే చాలని చెప్పు."

చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆవిడ విని, ముఖం తుడుచుకుని, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి కొద్దిగా నవ్వింది.

"నాన్నగారికి పెసరట్టు కావాలటండి. అల్లప్పచ్చడి మర్చిపోతారేమో, మరీ మరీ చెప్పమన్నారు."

నేను లేచి వెళ్ళి, రెండు పొట్లాలు తెచ్చాను.